టైరు చెప్పే వయసు

ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు "టైరు గురించి రాస్తాను" అన్నాను. ఫోనులో అవతలి వైపు కాసేపు మాట వినపడలేదు. మన సంచికలో కథలుంటాయి, కవితలుంటాయి, అవధానం మీదా, అన్నమయ్య మీదా పెద్దల వ్యాసాలుంటాయి. వాటి మధ్యలో మోటారు సైకిలు టైరేమిటి అని మీకూ అనిపించవచ్చు. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాతికేళ్ళుగా బళ్ళ మరమ్మతుల్లో బతుకుతున్నవాణ్ణి. నాకు తెలిసింది ఇదే. పైగా ఈ మధ్య జరిగిన ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2025 సెప్టెంబరు మొదటి వారం. రాత్రి పదకొండు దాటింది. సెల్ ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. బండి వెనక టైరు. కింద ఒకే వాక్యం: "అన్నా, గీ టైరు పదిహేను తారీకు దాకా నడుస్తదా?"

పంపినవాడు కోరుట్ల పక్క పల్లెటూరి కుర్రవాడు. దుబాయ్‌లో బండి మీద భోజనాలు అందిస్తుంటాడు. ఉగాదికి మన తెలుగువాళ్ళ భోజనాల దగ్గర పరిచయమయ్యాడు. నేను కోనసీమవాణ్ణని తెలిసి, నా మాట వినడానికే అదీ ఇదీ అడిగేవాడు. పదిహేనో తారీకు అంటే అతనికి జీతం వచ్చే రోజు. నడిపే బండి అతనిది కాదు, మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టరుది. ఇంజనాయిల్ ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారు. టైరు సంగతి మాత్రం "వచ్చే నెల చూద్దాం" అని మూడు నెలలుగా చెబుతున్నారట. తొందరైతే రైడరే వేయించుకోవాలి. ఊళ్ళో ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ నెలనెలా కట్టాలి, ఇంటికి పంపాలి, మెస్సుకు కట్టాలి. ఇవన్నీ పోగా సెప్టెంబరు మొదటి వారంలో ఎవరి జేబులోనైనా ఏముంటుంది?

కాబట్టి అతను అడిగింది టైరు బాగుందా లేదా అని కాదు. పది రోజులు వస్తుందా అని. నా పాతికేళ్ళలో టైరు గురించి నన్ను అడిగినవాళ్ళందరూ దాదాపు ఇదే అడిగారు. టైరు మార్చాలని తెలియక ఎవరూ నా దగ్గరికి రారు. ఇంకెంతకాలం వాయిదా వేయవచ్చో తెలుసుకోవడానికి వస్తారు.

"ఫోటో చూసి చెప్పలేను తమ్ముడూ, ఆదివారం పొద్దున్నే బండి తీసుకురా" అన్నాను.

ఫోటో చూసి ఎందుకు చెప్పలేనో ముందు చెబుతాను. సైడు స్టాండు మీద నిలబెట్టిన బండిని పక్కనుంచి చూస్తే కనిపించేది టైరు అంచు. అక్కడ గాడులు లోతుగా, కొత్తగా ఉంటాయి. మోటారు సైకిలు టైరు కారు టైరులా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. మలుపులో బండి వంగినప్పుడు అంచు నేలను తాకుతుంది, తిన్నగా పోతున్నప్పుడు నడుమ భాగం తాకుతుంది. నేలను పట్టుకుని ఉండే జాగా ఏ క్షణంలోనైనా మన అరచేతికి మించదు. ఇప్పుడు మన రోడ్లను తలచుకోండి. షేక్ జాయెద్ రోడ్డు, షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు, ఎమిరేట్స్ రోడ్డు... మలుపన్నది లేకుండా పోతూనే ఉంటాయి. అందుకని ఇక్కడ వెనక టైరు నడుమ మాత్రమే అరిగి చదునవుతుంది. అంచులు అలాగే మిగిలిపోతాయి. గుండ్రంగా ఉండాల్సింది నలుపలకలుగా తయారవుతుంది. అలాంటి బండిని మలుపు తిప్పితే ఒక క్షణం మొరాయించి, తర్వాత గబుక్కున పడిపోయినట్టు వంగుతుంది. బండి తిరగనంటోందని ఎవరైనా అంటే నేను హ్యాండిల్ బేరింగు కన్నా ముందు వెనక టైరు నడుము చూస్తాను.

నడుము ఎంత అరిగిందో తెలుసుకోవడానికి టైరు చేసినవాళ్ళే గుర్తు పెట్టారు. టైరు పక్క గోడ మీద, అంచుకు దగ్గరగా ఒక చిన్న త్రికోణం గానీ, టి.డబ్ల్యు.ఐ. అనే మూడు అక్షరాలు గానీ ఉంటాయి. అక్కణ్ణుంచి నేరుగా లోపలికి చూస్తే గాడి అడుగున చిన్న రబ్బరు గట్టు అడ్డంగా కనిపిస్తుంది. పొలం గట్టులాగే. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. కార్ల టైర్లలో ఈ గట్టు ఎత్తు 1.6 మి.మీ. ఉంటుంది. మోటారు సైకిలు టైర్లలో చాలావాటికి 0.8 మి.మీ. మాత్రమే. మన దేశంలో మోటారు వాహనాల నిబంధనలు కూడా రెండు చక్రాల బళ్ళకు 0.8 హద్దు పెట్టాయి. ఇంగ్లండులో 50 సి.సి. దాటిన బళ్ళకు టైరు వెడల్పులో నాలుగింట మూడు వంతుల మేర 1 మి.మీ. ఉండాలంటారు. ఇవన్నీ చట్టం ఒప్పుకునే చివరి హద్దులు. గట్టు దాకా వచ్చేవరకు ఆగమని వీటి అర్థం కాదు. 2 మి.మీ. కనిపించినప్పుడే డబ్బు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టమని నేను చెబుతుంటాను.

కొలవడానికి పెద్ద పరికరమేం అక్కర్లేదు. లోతు కొలిచే చిన్న గేజి ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది. అదీ లేకపోతే అగ్గిపుల్ల గాడిలో నిలబెట్టి గోటితో గుర్తు పెట్టి, పిల్లల స్కేలు మీద పెట్టి చూడవచ్చు. ఒక్కచోట చూసి వదిలేయకండి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి, అందులోనూ గట్టు మీద కాకుండా గాడి అడుగున.

గాడులు అసలెందుకు? పట్టు కోసం అనుకుంటాం. పొడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది గాడి కాదు, మెత్తని రబ్బరు. పందేల బళ్ళకు గాడులే లేని నున్నటి టైర్లు వేస్తారు, అవి నేలను అంటుకుపోతాయి. గాడి పని నీటిని పక్కకు తోసేయడం. నీరు పోవడానికి దారి లేకపోతే టైరుకూ రోడ్డుకూ మధ్య పలచటి పొరలా నిలబడుతుంది, బండి దాని మీద తేలుతుంది. బ్రేకు వేసినా హ్యాండిల్ తిప్పినా వినదు.

"ఈ ఎడారిలో నీళ్ళెక్కడివి, గుండు టైరుతో ఏడాదంతా లాగించవచ్చు" అనేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈ మాట ఏడాదిలో పదకొండు నెలలు నిజమే. ఆ మిగిలినదాని సంగతేమిటి? నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఇసుక, కారిన నూనె, అరిగిన రబ్బరు పొడి అన్నీ తొలి చినుకులకు సబ్బు నురగలా తయారవుతాయి. 2024 ఏప్రిల్ 16 అందరికీ గుర్తుండే ఉంటుంది. అల్ ఐన్ వైపు ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు కూడా నిండకుండా 254.8 మి.మీ. వాన పడింది. అంత వాన రోజున మంచి టైరున్నా బండి బయటికి తీయకూడదనుకోండి. నా భయం అలాంటి వానతో కాదు, ఎవరూ లెక్కచేయని పావుగంట జల్లుతో. అలాంటి జల్లులోనే నేను పడ్డాను.

అది 2003 డిసెంబరు. అప్పట్లో విడిభాగాలు తేవడానికి నాకో చిన్న బండి ఉండేది. రెండు నెలల కిందటే వెనక కొత్త టైరు వేయించాను. ఒక దుకాణంలో చవగ్గా దొరికింది. కాగితం చుట్టిన కొత్త సరుకు. గాడులు వేలు పెడితే గోరు మునిగేటంత లోతు. పొద్దున తుంపర పడి ఆగింది. రౌండబౌట్ దగ్గర మెల్లగానే తిరుగుతున్నాను. వెనక చక్రం ఎవరో తాడు కట్టి లాగినట్టు పక్కకు పోయింది. మోచేయి విరిగింది. వెనక వస్తున్న పికప్‌వాడు ఆపగలిగాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మా గ్యారేజీలో పెద్ద మేస్త్రి ఒక మలయాళీ. ఆయన టైరు చూసి, పక్క గోడ మీద వేలితో రుద్ది, ఒక అంకె చూపించాడు: 348. "ఇది దీని జాతకం" అన్నాడు. టైరు మీద డి.ఓ.టి. అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర తయారైన తేదీ ఉంటుంది. 2000 సంవత్సరం నుంచి నాలుగంకెలు వేస్తున్నారు. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో పుట్టిందని. అంతకు ముందు మూడంకెలే వేసేవాళ్ళు. వారానికి రెండు, ఏడాదికి చివరి అంకె ఒక్కటే. నా టైరు ఏదో దశాబ్దంలో ఎనిమిదో ఏడు, 34వ వారం. 1998 అనుకుంటే ఐదేళ్ళు దాటింది. 1988 అయితే? ఆలోచించడం మానేశాను. కొత్తదని నేను కొన్న టైరు ఏ రేకుల షెడ్డులోనో ఐదు వేసవులు గడిపి వచ్చింది. ఒక్క కిలోమీటరు తిరక్కుండానే ముసలిదయింది.

గాడి చెప్పేది టైరు ఎంత తిరిగిందన్న సంగతి. వయసు ఆ అంకె చెబుతుంది. ఈ రెండు లెక్కలూ వేరు. మన ఊళ్ళో ఎక్కువగా మొదటి లెక్కతోనే పని గడిచిపోతుంది. ఈ ఎడారిలో రెండో లెక్క ముందు తీరిపోతుంది.

ఎందుకో చెప్పాలంటే మా గోదావరి జిల్లా మామిడి తాండ్ర దగ్గరికి వెళ్ళాలి. ఆత్రేయపురం నుంచి వచ్చిన కొత్త తాండ్ర ముక్కని మడిచి చూడండి, మడతపడి మళ్ళీ సాగుతుంది. దాన్నే డబ్బాలో మర్చిపోయి రెండేళ్ళ తర్వాత మడిస్తే పగుళ్ళిస్తుంది. బరువు తగ్గలేదు, ఆకారం మారలేదు, సాగే గుణం పోయింది. రబ్బరు సంగతీ ఇంతే. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా అయిపోతుంది. దానికి గంధకం కలిపి వేడిచేస్తే పొడుగాటి రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు ఏర్పడి, సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం వస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. తర్వాత 1888లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. అయితే గుడ్‌ఇయర్ మొదలుపెట్టిన ఆ వంట కార్ఖానాలో పూర్తిగా ఆగిపోదు. గాలిలోని ఆక్సిజనూ వేడీ కలిసి టైరులో కొత్త వంతెనలు కట్టుకుంటూ పోతాయి, కొన్ని గొలుసుల్ని తెంపుతాయి. రబ్బరు గట్టిపడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 2025 ఆగస్టు 1న స్వైహాన్‌లో 51.8 డిగ్రీలు నమోదయింది. అది నీడలో గాలి వేడి. తారు రోడ్డు ఎండలో అరవై దాటి ఉంటుంది. ఇలాంటి చోట ఒక వేసవి అంటే టైరుకు మన ఊరి వేసవి లెక్క కాదు.

ఇంకో శత్రువు ఓజోను. అది రబ్బరును బయటి నుంచి చీలుస్తుంది. దాన్ని ఆపడానికి తయారీలోనే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతున్నప్పుడు అవి మెల్లగా పైకి ఊరి పలచటి పొరలా కాపాడతాయి. టైరు పక్కన అప్పుడప్పుడు కనిపించే గోధుమరంగు మరక ఎక్కువగా అదే. సెలవుకు ఇండియా వెళ్ళి రెండు నెలలు బండిని ఎండలో వదిలేసినప్పుడు టైరు నలగదు, మైనం పైకి రాదు. తిరగని బండి టైరు భద్రంగా ఉంటుందనుకోవడం అందుకే పొరపాటు. పగుళ్ళు మొదట గాడుల అడుగున, తర్వాత పక్క గోడ మీద వెంట్రుకల్లా కనిపిస్తాయి. చూసేముందు తడిగుడ్డతో తుడవండి. మెరుపు కోసం పాలిష్ పూయించుకునే అలవాటు కొందరికి ఉంది. అది పగుళ్ళను దాచేస్తుంది, నేలను తాకే చోటికి పాకితే జారుస్తుంది కూడా. కారుకు ఏమైనా చేసుకోండి గానీ రెండు చక్రాల బండికి పాలిష్ పూసేవాణ్ణి నేను గ్యారేజీలో ఉండనివ్వను.

మిషెలిన్ లాంటి కంపెనీలు టైరు వాడకం మొదలుపెట్టి ఐదేళ్ళయ్యాక ఏటా తనిఖీ చేయించమని, ఎలా ఉన్నా పదేళ్ళు దాటనివ్వద్దని ప్రపంచమంతటికీ కలిపి చెబుతాయి. ఇక్కడ పోలీసుల ప్రచారాల్లోనూ, వ్యాపారంలోనూ వినపడే లెక్క తయారీ నుంచి ఐదేళ్ళు. రోజంతా ఎండలో తిరిగే డెలివరీ బండికి ఆ ఐదు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. జరిమానా సంగతి కూడా చెప్పేస్తాను. 2017 నాటి ట్రాఫిక్ తీర్మానం ప్రకారం కాలం చెల్లిన టైర్లతో నడిపితే 500 దిర్హాములు, నాలుగు బ్లాక్ పాయింట్లు, వారం రోజులు బండి జప్తు. 500తో ఇలాంటి బండికి రెండు టైర్లూ వేయించి టీ కూడా తాగవచ్చు. వారం రోజులు బండి లేకపోవడం డెలివరీ కుర్రవాడికి ఇంకా పెద్ద జరిమానా.

గాలి గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. వేసవిలో టైరు పేలుతుందన్న భయంతో చాలామంది గాలి తక్కువ కొట్టిస్తారు. మధ్యాహ్నం బంకులో గేజి పెట్టి, ఎక్కువ చూపిస్తోందని కొంత వదిలేసేవాళ్ళు ఇంకొందరు. రెండూ తలకిందుల పనులే. వేడి పది డిగ్రీలు పెరిగితే బండి టైరులో గాలి దాదాపు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగుతుంది. పొద్దున 29 కొట్టించినది మధ్యాహ్నానికి 33, 34 చూపించడం సహజం. కంపెనీవాళ్ళు చెప్పే అంకె చల్లటి టైరుకు. వేడి మీద వదిలేస్తే రాత్రికి టైరు మెత్తబడుతుంది. మెత్తటి టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతుంది, నలిగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. సత్తు తీగను అటూ ఇటూ వంచితే వంచినచోట కాలినట్టు. టైర్లు పేలడానికి గాలి ఎక్కువ కావడం కన్నా తక్కువ కావడమే పెద్ద కారణం. ఇక్కడ గాలి చూసుకోవలసిన వేళ ఫజర్ నమాజు వేళే. బండి ఇంకా కదలకముందు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు కుర్రవాడు వచ్చాడు. వెనక పెద్ద పెట్టె, ముందు ఫోను తగిలించే కొక్కెం. బండిని మధ్య స్టాండు మీదికి ఎక్కించాం. వెనక టైరు నేను ఊహించినట్టే ఉంది. అంచుల్లో గాడులు బాగున్నాయి, నడుమ గట్టుకు సమానమైంది. తేదీ 4023, అంటే రెండేళ్ళు కూడా నిండలేదు. రోజుకు 150 కిలోమీటర్లు తిరుగుతాడనుకుంటే నెలకు దగ్గర దగ్గర 4,000. ఊళ్ళో బడిపంతులుగారు రెండు మూడేళ్ళు నడిపే టైరును వీళ్ళు నెలల్లో తినేస్తారు. ఒక చోట పంక్చరు మచ్చ ఉంది. ట్యూబులేని టైరుకు బయటి నుంచి తాడు లాంటిది దోపి పోయారు. నేలను తాకే నడుమ భాగంలో చిన్న మేకు రంధ్రానికైతే కొన్నాళ్ళు సరే. పక్క గోడలో రంధ్రం పడితే మాత్రం ఏ మందూ లేదు, టైరు మార్చాల్సిందే.

"అయితే పది రోజులు నడవదా అన్నా?"

నేను జవాబు చెప్పలేదు. ముందు టైరు దగ్గర కూర్చున్నాను. అతను నవ్వాడు. "ముంగటిది మంచిగుంది. దానికి ఏం కాలె."

నిజమే, గాడులు సగానికి పైగా ఉన్నాయి. ముందు టైరు నెమ్మదిగా అరుగుతుంది. వెనకవి రెండు మూడు మారేదాకా అదే ఉంటుంది, అందుకే దానికి వయసు మీద పడుతుంది. తడిగుడ్డతో తుడిచాను. అంకె 0820. 2020 ఫిబ్రవరి. ఐదున్నరేళ్ళు. బండి రిజిస్ట్రేషను జనవరిలో రెన్యూ అయిందట, అప్పటికి ఐదేళ్ళు నిండలేదు, తనిఖీలో పాసైపోయింది. ఆ తర్వాత ఈ వేసవి మొత్తం తిరిగింది. దుబాయ్‌లో రైడర్ల కోసం ఆర్.టి.ఎ. 40 ఏసీ విశ్రాంతి గదులు కట్టింది, మంచి పని చేసింది. బండి మాత్రం బయటే నిలబడాలి కదా. గాడుల అడుగున చుట్టూ పగుళ్ళు. బొటనవేలి గోరు నొక్కితే కొత్త రబ్బరులో నొక్కు పడి లేస్తుంది, ఇక్కడ గోరే వంగింది. గోటి పరీక్ష శాస్త్రం కాదు గానీ, తేదీ, పగుళ్ళు, గోరు మూడూ ఒకే మాట చెబుతుంటే నేను వింటాను.

"మొన్న బ్రేకు వేస్తే ముందు చక్రం జారిందా?" అని అడిగాను.

కొంచెం సేపు మాట్లాడలేదు. "కరామాల సిగ్నల్ కాడ ఒకసారి... ఇసుక అనుకున్న."

ఇసుక కూడా అయి ఉండవచ్చు. నాకు తెలియదు.

అతని దగ్గర ఒక టైరుకే డబ్బుంది. అదీ ఎవరినో అడిగి తెచ్చుకున్నది. ఏది మార్చాలి? చట్టం కంటికి రెండూ తప్పే. చూపుకు వెనకది పాడయింది, ముందుది కొత్తగా ఉంది. తొంభైమంది వెనకదే మార్పిస్తారు. నేను ముందుది అన్నాను. బ్రేకు గట్టిగా వేసినప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది, ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. వెనక చక్రం జారితే బండి తోక ఆడిస్తుంది, నదురూ బెదురూ లేనివాడు నిలబెట్టుకునే అవకాశం ఉంది. ముందు చక్రం జారితే కన్ను మూసి తెరిచేలోపు మనిషి నేల మీద ఉంటాడు. అరిగిన టైరు పొడి రోడ్డు మీద ఇంకొన్నాళ్ళు మర్యాదగా ఉంటుంది, అది ఎప్పుడు మొరాయిస్తుందో వాన చూసి ఊహించవచ్చు. ముసలి టైరు ముందుగా కబురు పెట్టదు.

అయినా గట్టుకు తాకిన వెనక టైరుతో పంపడానికి మనసొప్పలేదు. ఒకటి అతను కొన్నాడు, ఒకటి నేను కొన్నాను. అప్పుగా, దానంగా కాదు. అతను దానం పుచ్చుకునేవాడూ కాదు. బిల్లు మాత్రం రెండింటికీ ఒకటే రాయించి, కాంట్రాక్టరు ఆఫీసుకు ఫోటోతో సహా పంపమన్నాను. పాత టైర్ల మీది అంకెలు, పగుళ్ళు దగ్గర నుంచి ఫోటో తీసి జతచేశాం. ఆ డబ్బు వెనక్కి ఇచ్చారా అంటే, ఇది రాస్తున్నప్పటికి ఒక టైరుకు ఇచ్చారు. వెనకదానికి. ముందుది బాగానే ఉంది కదా, ఎందుకు మార్చావన్నారట.

టైర్లు ఎక్కించింది మా వీధి చివర పఠాన్. కొనేటప్పుడు తేదీ చూపించమంటే మొదట్లో విసుక్కునేవాడు, ఇప్పుడు నేను వెళ్ళగానే తనే అంకె పైకి తిప్పి పెడతాడు. సైజు కూడా చదువుకోండి. 100/90-17 55పి అని ఉంటే వెడల్పు 100 మి.మీ., ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 55 అన్నది మోయగల బరువుకు గుర్తు, 218 కిలోలు. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా. వెనక పెట్టె, అందులో పది బిర్యానీలు మోసే బండికి ఆ బరువు అంకె తగ్గనివ్వకూడదు. పక్క గోడ మీద బాణం గుర్తుంటే చక్రం తిరిగే వైపుకే ఉండాలి. హడావిడిలో తిరగేసి ఎక్కించినవి నేను చాలా చూశాను.

పని అయ్యాక పఠాన్ పాత ముందు టైరును గోడ పక్కన ఆనించాడు. అక్కడ అలాంటివి ఇంకో పాతిక ఉన్నాయి. గాడులు బాగున్నవి మళ్ళీ ఎవరికో చవగ్గా పోతాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "దీన్ని కోసెయ్ ఖాన్ సాబ్" అన్నాను. నవ్వి, కత్తి తెచ్చి పక్క గోడను జానెడు మేర చీల్చాడు. గట్టిగా ఉందేమో, రెండుసార్లు ఒత్తవలసి వచ్చింది.

కుర్రవాడు హెల్మెట్ పెట్టుకుంటుంటే ఫోను మోగింది. ఆర్డరు.

"తీసుకోవచ్చా అన్నా?"

"తీసుకో. కొత్త టైరు పైన నునుపుంటుంది. నూట యాభై, రెండొందల కిలోమీటర్ల దాకా గట్టిగా వంచకు, గట్టిగా బ్రేకు వేయకు. మాల్ బేస్‌మెంటులో రంగు వేసిన ర్యాంపు ఉంటుంది చూడు, అక్కడ మరీ మెల్లగా."

సరేనని తలూపి బయల్దేరాడు. వీధి చివర మలుపు దగ్గర, రోడ్డు ఖాళీగా ఉన్నా, బండిని దాదాపు ఆపినంత పని చేసి తిప్పాడు.